చిన్నపిల్లలతో జపాన్ మంచుకి: సీజన్ మొదట్లో ఏ కొండ మేలు?

మూడేళ్ళ కిందట డిసెంబరు మొదటి వారంలో పిల్లలిద్దర్నీ వెంటేసుకుని నగానో వైపు ఒక స్కీ కొండకి వెళ్ళాం. పెద్దాడికి ఆరేళ్ళు, చిన్నదానికి నాలుగు నిండలేదు. వెబ్‌సైటులో "తెరిచాం" అనే ఉంది. అబద్ధమేమీ కాదు, కొండ పైభాగాన స్కీ చేసేవాళ్ళని పైకి మోసే రెండు లిఫ్టులు తిరుగుతున్నాయి. కానీ పిల్లలు ఆడుకునే చోటు కొండ కింద. అక్కడ గడ్డి కనబడుతోంది. చుట్టూ తాడు కట్టి, "20వ తేదీ నుంచి" అని బోర్డు పెట్టారు. మా అమ్మాయి మూడు పొరల బట్టల్లో గుమ్మడికాయలా నిలబడి, ఆ తాడు పట్టుకుని, "నాన్నా, మంచేదీ?" అంది. రైలు దిగి, బస్సెక్కి, మూడున్నర గంటలు ప్రయాణం చేసి వచ్చాం. ఏం చెప్పను?

అప్పట్నుంచి ఈ విషయంలో నేనే ఇంటి పంతుల్ని అయిపోయాను. టోక్యోలో మా నిషికసాయి చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళూ, హైదరాబాదు నుంచి వచ్చే చుట్టాలూ అడిగేది ఒకటే: "డిసెంబర్లో పిల్లలకి మంచు చూపించాలి, నిసెకో వెళ్దామా, గాలా వెళ్దామా?" రెండూ పేరున్న స్కీ కొండలే, నిసెకో ఉత్తరాన హొక్కైదో దీవిలో, గాలా టోక్యోకి దగ్గర్లో. నేను తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. ఏ తేదీన? చిన్నపిల్ల వయసెంత? మంచు పడకపోతే ఆ రోజంతా ఏం చేస్తారు? ఈ మూడోదానికి జవాబున్న ఊరే సీజన్ మొదట్లో పిల్లలకి తగిన ఊరు. నా ఎంపికలన్నీ దాన్నిబట్టే.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. మన ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళు సంక్రాంతి సెలవుల దాకా ఆగగలిగితే ఆగండి. జనవరి మధ్యకి పేరున్న ఏ కొండమీదైనా మంచు నిండుగా ఉంటుంది. జపాన్ వాళ్ళ కొత్త సంవత్సరం సెలవుల రద్దీ కూడా అప్పటికి పోతుంది. సెలవు దొరికేది డిసెంబర్లోనే అనుకునేవాళ్ళకీ, నాలాగా "సీజన్ మొదలైందట" అని వినగానే కాలు నిలవని వాళ్ళకీ ఈ కిందిదంతా.

మంచు ఎక్కడ ముందు పడుతుంది

జపాన్‌లో మంచు లెక్క తేలికైనదే. శీతాకాలంలో సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం దాటుతూ తడిని పట్టుకుంటుంది. నడిమి కొండలకి కొట్టుకుని ఆ తడినంతా పడమటి వైపు మంచుగా దింపేసి, తూర్పు వైపుకి పొడిగా దిగుతుంది. అందుకే పడమటి తీరాన నీగతాలో ఇళ్ళ కప్పుల మీద మంచు పారలతో తోస్తుంటే, అదే రోజు టోక్యోలో నీలాకాశం, ఎండ.

ఇది కళ్ళతో చూడాలంటే టోక్యో నుంచి నీగతా వెళ్ళే జొఎత్సు షింకాన్సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కితే చాలు. తూర్పున గున్మ జిల్లాలో ఉన్నంతసేపు కిటికీలోంచి గోధుమరంగు కొండలు, ఎండిన పొలాలు కనబడతాయి. తర్వాత 22 కిలోమీటర్ల పొడవున్న సొరంగం. చెవులు దిబ్బడ వేస్తాయి, పిల్లలు కిటికీలో తమ మొహాలే చూసుకుంటూ ఉంటారు. బయటికి రాగానే అంతా తెలుపు. మావాడు మొదటిసారి చూసినప్పుడు నోట్లో పెట్టుకున్న బిస్కట్టు నమలడం మరిచిపోయాడు. అయితే ఈ దృశ్యం డిసెంబరు చివరికి మాట. నవంబర్లో అదే సొరంగం దాటినా అటూ ఇటూ ఒకే రంగు.

కాబట్టి సీజన్ మొదట్లో రెండే దారులు. ఒకటి, యంత్రాలతో చేసిన మంచు. రెండోది, ఉత్తరాన హొక్కైదో.

నవంబర్లో: యెతి, కరుయిజావా

ఫూజీ కొండ దక్షిణపు వాలు మీద, షిజుఒకా జిల్లా సుసొనోలో యెతి అని ఒకటుంది. ఆరుబయట స్కీ చోట్లలో దేశంలో అన్నిటికన్నా ముందు, మామూలుగా అక్టోబర్లోనే తెరిచేది ఇదే. కిలోమీటరు పొడవున్న ఒకే వాలు మీద ఐసు పొడిచేసి పరుస్తారు. టోక్యోలో కారు ఉన్నవాళ్ళకి ఒక్క రోజు సరదా. కారు లేకపోతే పిల్లల్ని రైలూ బస్సూ మార్చుకుంటూ అంత దూరం తీసుకెళ్ళమని నేను చెప్పను. తొందరపడి వచ్చిన కుర్రాళ్ళు స్నోబోర్డులేసుకుని ఆ ఒక్క వాలు మీదే కిక్కిరిసి ఉంటారు. మధ్యలో మీ నాలుగేళ్ళ పిల్ల! వాళ్ళకి కోపం, మీకు భయం.

కరుయిజావా వేరు. నా ఓటు దానికే, ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

టోక్యో స్టేషన్లో హొకురికు షింకాన్సెన్ ఎక్కితే గంటా పది నిమిషాల్లో కరుయిజావా. స్టేషన్ దక్షిణ ద్వారంలోంచి బయటికి రాగానే ప్రిన్స్ హోటళ్ళవాళ్ళ అవుట్‌లెట్ మాల్, దాని పక్కనే స్కీ కొండ. నడిచినా పది నిమిషాలు, షటిల్ బస్సు కూడా ఉంటుంది. ఊరు 900 మీటర్లకి పైన ఉంటుంది కాబట్టి రాత్రుళ్ళు చలి గట్టిగానే పడుతుంది, గాలి పొడిగా ఉంటుంది. మంచు యంత్రాలకి కావలసింది ఆ రెండే. అందుకే నవంబరు మొదటి రోజుల్లోనే తెరిచేస్తారు.

అలాగని స్వర్గాన్ని ఊహించుకోకండి. మొదట్లో తెరిచేది ఒక్క దారే. కొండంతా గోధుమరంగులో ఉంటే మధ్యలో పొడుగ్గా తెల్లటి చార. కాలవగట్టు మీద ఆరేసిన పంచెలా ఉంటుంది. ఫొటోల్లో బాగా రాదు, చుట్టాలకి వాట్సాప్‌లో పెడితే "ఇదేనా మంచు?" అంటారు. పైగా యంత్రపు మంచు పువ్వులా మెత్తగా ఉండదు. రాత్రి గడ్డకట్టి పొద్దున ఎనిమిదింటికి ఉప్పురాయిలా ఉంటుంది, పడితే దెబ్బ తగులుతుంది. పదింటికి కాస్త మెత్తబడుతుంది, రెండు దాటాక నీళ్ళోడుతుంది. పిల్లలకి పది నుంచి ఒంటిగంట దాకానే మంచి సమయం. లిఫ్టు టికెట్టు కూడా ఆ గంటలకి సరిపోయేది ఉందేమో చూసుకోండి, రోజంతా టికెట్టు కొని "డబ్బులు వృథా" అని పిల్లల్ని తోలకండి.

మరి ఇన్ని లోపాలున్నదాన్ని ఎందుకు చెబుతున్నానంటే, మంచు బాగాలేకపోయినా ఆ రోజు పాడైపోదు. మాల్ ఉంది, చెరువు పక్కన పచ్చిక ఉంది, పిల్లలు పరిగెడతారు. ఆకాశం తేటగా ఉంటే అసామా అగ్నిపర్వతం కనబడుతుంది. పిల్ల పన్నెండింటికే "చాలు, ఇంటికి" అంటే రెండింటి రైలుకి వచ్చేయొచ్చు. మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఆవిడా మాతో వచ్చారు. చీర మీద నా పాత జాకెట్ వేసుకుని, కాళ్ళకి మా ఆవిడ బూట్లు తొడుక్కుని పది నిమిషాలు మంచు తొక్కారు. తర్వాత మాల్‌లో కాఫీ పట్టుకుని కూర్చుని మూడు గంటలు హాయిగా జనాన్ని చూశారు. పెద్దవాళ్ళు వెచ్చగా కూర్చోవడానికి చోటులేని కొండకి వాళ్ళని తీసుకెళ్ళడం శిక్ష.

ఒక్క జాగ్రత్త: లిఫ్టు తెరిచినంత మాత్రాన పిల్లల చోటు తెరిచినట్టు కాదు. ఏ కొండకైనా ఇదే. మా అమ్మాయి తాడు పట్టుకుని నిలబడ్డ రోజు నేర్చుకున్న పాఠం. వెబ్‌సైటులో "కిజ్జు పాకు" (పిల్లల పార్కు) అని జపనీస్‌లో రాసిన పేజీకే వెళ్ళి దాని తేదీ విడిగా చూడండి. అక్కడ తేదీ లేకపోతే హోటలువాళ్ళని అడగండి: సోరి, అంటే పిల్లలు కూర్చుని జారే ప్లాస్టిక్ తొట్టి, ఆడుకునే చోటు ఆ రోజున ఉంటుందా, పైకి ఎక్కించే కదిలే పట్టీ ఉందా అని. పట్టీ లేకపోతే ప్రతిసారీ ఆ తొట్టినీ, అందులో పిల్లనీ పైకి లాగేది నాన్నే.

డిసెంబరు మధ్యనుంచి: గాలా యుజావా

షింకాన్సెన్ దిగగానే స్టేషన్ కట్టడంలోనే టికెట్లు, అద్దె సామాను, లాకర్లు, అక్కణ్ణుంచే గొండోలా, అంటే తీగ మీద కొండెక్కే పెట్టె. టోక్యో నుంచి గంటంపావు. చలికాలంలో తప్ప ఆ స్టేషనే పనిచేయదు. పగటి యాత్రకి దీనికి సాటి లేదు. పిల్లల సోరి చోటుంది, స్కీ చేయనివాళ్ళు కూడా గొండోలాలో పైకి వెళ్ళి మంచు చూసి రావచ్చు, బూట్లు కూడా అద్దెకి దొరుకుతాయి.

మామూలుగా డిసెంబరు రెండో సగంలో తెరుస్తారు. ఇక్కడిది దేవుడిచ్చిన మంచు, కాబట్టి తేదీ కూడా దేవుడి చేతిలోనే ఉంటుంది. డిసెంబరు 10కో 15కో వెళ్దామనుకుంటే గాలా మీద ఆశ పెట్టుకుని హోటలు బుక్ చేయకండి. 22 తర్వాతయితే నమ్మొచ్చు, కానీ అప్పటికి జనం కూడా నమ్మేస్తారు. క్రిస్మస్ నుంచి జనవరి 3 దాకా అద్దె సామాను దగ్గర వరసలు, పిల్లల సైజు బూట్లు అయిపోవడం. సామాను ముందే ఆన్‌లైన్లో రిజర్వు చేసుకోండి.

గాలాలో లోపమేమిటంటే, మంచు తప్ప ఇంకేమీ లేదు. కొండమీద బస ఉండదు. గాలి ఎక్కువై గొండోలా ఆపేస్తే స్టేషన్లో కూర్చోవాల్సిందే. పక్క స్టేషను ఎచిగో-యుజావాలో దుకాణాలున్నాయి, గంట గడుస్తుంది.

విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి జేఆర్ ఈస్ట్ అనే రైలు కంపెనీ ఇచ్చే టోక్యో వైడ్ పాసు మూడు రోజులు పనిచేస్తుంది. కరుయిజావా, గాలా రెండూ అందులోకి వస్తాయి. జపాన్‌లో కాపురముంటున్న మనవాళ్ళు కూడా కొనుక్కోవచ్చు, చాలామందికి ఈ సంగతి తెలియదు. రైళ్ళలో ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకి సగం చార్జీ. అంతకన్నా చిన్నవాళ్ళు ఒడిలో కూర్చుంటే ఒక్కో పెద్దవాళ్ళతో ఇద్దరి దాకా ఉచితం. రద్దీ రోజుల్లో ఒడిలో కూర్చోబెట్టుకునే ధైర్యం మీది.

హొక్కైదో: నిసెకో అనే ముందు తొమాము చూడండి

మూడు రాత్రులకి తక్కువైతే హొక్కైదో వద్దు. టోక్యో హనేదా నుంచి హొక్కైదోలోని షిన్-చితోసే విమానాశ్రయానికి గంటన్నర. అక్కణ్ణుంచి తొమాము అనే స్కీ కొండకి రైల్లో, మధ్యలో ఒకసారి మారాలి, అంతా కలిపి గంటన్నర అనుకోండి. రుసుత్సు అనే ఇంకో కొండకి బస్సులో రెండు గంటలు. నిసెకో రెండున్నర నుంచి మూడు. విమానం దిగి అలసిపోయిన పిల్లలకి ఆ తేడా చాలా ఎక్కువ.

నిసెకో పేరు పెద్దది, ఇంగ్లీషులో నేర్పే స్కీ బడులు ఎక్కువ, ఇది ఒప్పుకోవాల్సిన మాట. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో తెరుస్తారు కూడా. కానీ కొండ అడుగు సముద్ర మట్టానికి 300 మీటర్ల చుట్టుపక్కలే. మొదటి వారాల్లో మంచు పైన బాగుండి కింద పల్చగా ఉంటుంది. స్కీ దారి పక్కన ససా అనే పొట్టి వెదురు ఆకులు మంచులోంచి తల పైకెత్తి చూస్తుంటాయి. పిల్లలుండేది ఎప్పుడూ కిందే! పైగా అక్కడి బసలు చాలావాటిలో ముందే డబ్బు కట్టాలి, ఆలస్యంగా రద్దు చేస్తే తిరిగి రాదు. మంచు రాకపోతే ఏం చేస్తారన్న నా మూడో ప్రశ్నకి నిసెకో దగ్గర డిసెంబరు మొదట్లో సరైన జవాబు లేదు. జనవరిలో నాకు దానిమీద ఏ ఫిర్యాదూ లేదు.

తొమాములో జవాబు ఉంది, అదీ వేడిగా. లోపల అలలొచ్చే పెద్ద ఈతకొలను ఉంది. బయట మైనస్ ఎనిమిది, లోపల పిల్లలు చెడ్డీలతో కేరింతలు. మేం వెళ్ళినప్పుడు మంచు తుపానొచ్చి లిఫ్టులు సగంరోజు ఆపేస్తే మా పిల్లలకి ఆ ఈతకొలనే పండగైంది. 36 అంతస్తుల జంట హోటలు బురుజుల్లో ఒకదాన్లో ఉంటే తిండీ, కొలనూ, స్కీ అన్నీ హోటలు బస్సు దూరంలోనే. స్కీ చేయకపోయినా గొండోలాలో పైకి వెళ్ళి కొమ్మలమీద గడ్డకట్టిన మంచు చూడొచ్చు. డిసెంబరు మొదట్లో తెరుస్తారు. డబ్బు ఇంకా ఖర్చు పెట్టగలిగితే పక్కనే క్లబ్ మెడ్ రిసార్టు: తిండి, లిఫ్టు, నాలుగేళ్ళు దాటినవాళ్ళకి స్కీ పాఠాలు అన్నీ ఒకే ధరలో కలిసొస్తాయి. ధర వినగానే గుండె జారుతుంది, విడివిడిగా కూడి చూస్తే జారినంత తేడా ఉండదు.

రుసుత్సుకి కూడా ఈతకొలను ఉంది. హోటలు లోపల రెండంతస్తుల రంగులరాట్నం తిరుగుతుంటుంది. చిన్నపిల్లలు స్కీ మాట మరిచిపోయి దాని చుట్టూనే తిరుగుతారు. తొమాముకీ దీనికీ మధ్య ఎటూ తేలకపోతే, రైలు కావాలంటే తొమాము, బస్సు ఫరవాలేదంటే రుసుత్సు, అంతే.

హొక్కైదోలో మరిచిపోకూడనిది వెలుతురు. డిసెంబర్లో నాలుగింటికి సూర్యుడు దిగిపోతాడు. పొద్దున హోటల్లో పెసరట్టు దొరకలేదని మూతి ముడుచుకుని పదకొండింటికి బయల్దేరితే మీ రోజు ఐదు గంటలే.

హకుబా, షిగా కొగెన్ సంగతి అడుగుతారు. రెండూ 1998 నగానో ఒలింపిక్స్ జరిగిన కొండలు, గొప్పవే. డిసెంబరు 20కి ముందు చిన్నపిల్లలతో వద్దు. పై లిఫ్టులు ముందు తెరుస్తారు, కింద ఉండే పిల్లల చోట్లు తర్వాత. ఈ ముక్క నేను ఎంత ఖర్చుపెట్టి నేర్చుకున్నానో పైన చెప్పాను.

వయసు, బట్టలు, చేతులు

మూడేళ్ళ లోపు పిల్లలకి స్కీ బూట్లు తొడగకండి. సోరి, మంచు బంతులు, గంటసేపు, అంతే. నాలుగు, ఐదేళ్ళవాళ్ళకి ఒంటరి పాఠం గంట చాలు. గుంపు పాఠాలు ఆరేళ్ళు దాటాకే ఉపయోగం, అది కూడా మాట అర్థమయ్యే భాషలో అయితేనే. మా వాడికి జపాన్ బడి కాబట్టి సరిపోయింది, హైదరాబాదు నుంచి వచ్చిన వాడి బావకి టీచరు ఏం చెప్పినా నవ్వడమే.

స్కీలు, బూట్లు, పైబట్టలు, హెల్మెట్ అద్దెకి దొరుకుతాయి. గ్లౌజులు, మంచు కళ్ళద్దాలు (గాగుల్స్), టోపీ సాధారణంగా అద్దెకివ్వరు, అక్కడ కొంటే ధర చురుక్కుమంటుంది. ముందే కొనుక్కెళ్ళండి. ఇండియాలో డెకథ్లాన్, ఇక్కడ పిల్లల బట్టల కొట్టు నిషిమత్సుయా చవక. ఊలు గ్లౌజులు మాత్రం వద్దు, పది నిమిషాల్లో తడిసి వేళ్ళు ఎర్రబడతాయి. నీరు పట్టనివి, వేళ్ళన్నీ కలిపి ఒకే సంచీలా ఉండేవి తీసుకోండి, రెండు జతలు. పిల్లలు ఏడ్చేది పడ్డందుకు కాదు, తొంభై పాళ్ళు చేతులు తడిసినందుకే. జీన్స్ వేసి తీసుకొచ్చేవాళ్ళని ప్రతి ఏడాదీ చూస్తున్నాను, ఒక్కసారి కూర్చుంటే చాలు, ఆ రోజు అయిపోయినట్టే. మంకీ క్యాపు సోరి ఆటకి భేషుగ్గా పనికొస్తుంది, హెల్మెట్ కింద మాత్రం పట్టదు.

కైరో అనే వేడి పొట్లాలు ప్రతి కొట్లోనూ దొరుకుతాయి. జేబులో వేయండి, చర్మానికి తగలనివ్వకండి. గంటలకొద్దీ ఒకేచోట ఉంటే పిల్లల చర్మం కాలుతుంది.

ఇంకొకటి: అన్నీ తొడిగి, జిప్పులు పెట్టి, హెల్మెట్ బిగించాక పిల్ల "అమ్మా, ఒకటికి" అంటుంది. అడగకుండానే ముందు తీసుకెళ్ళండి. రాదు అన్నా సరే.

తిండి సంగతి

శాకాహారులకి స్కీ కొండల హోటళ్ళు కష్టమే. ఉడాన్ అనే గోధుమ నూడుల్స్ పులుసులో చేపల సారం, కూర అన్నంలో జంతువుల కొవ్వు. పిల్లలకి ఫ్రైస్, సాఫ్ట్ ఐస్‌క్రీమ్‌తో ఒక పూట గడుస్తుంది. మిగతా పూటలకి మా ఇంటి చిట్కా: కన్వీనియన్స్ స్టోర్లో అన్నం పొట్లం కొని అక్కడే వేడిచేసి, తీపి లేని పెరుగు డబ్బా, మాగాయ బద్ద. మైనస్ ఐదు డిగ్రీల్లో కారులో కూర్చుని పెరుగన్నం తింటుంటే అద్దాల మీద ఆవిరి పడుతుంది, పిల్లలు దానిమీద బొమ్మలు గీస్తారు.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళు ఆవకాయ, ఉప్మా పిండి, రెడీమేడ్ పప్పు పొట్లాలు తెచ్చుకోవచ్చు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం జపాన్‌లోకి తేకూడదు, మాంసం పదార్థాల మీద చట్టం గట్టిగా ఉంది. పచ్చి కరివేపాకు, పళ్ళు కూడా తనిఖీ పత్రం లేకుండా రానివ్వరు. బయల్దేరేముందు అమ్మమ్మ పెట్టిన డబ్బాలు ఒకసారి మూత తీసి చూడండి. మీకు చెప్పకుండా పెట్టేది ఆవిడే.

ప్రయాణ బీమా కాగితంలో స్కీ ఉందో లేదో చూసుకోండి. చాలావాటిలో సాహస క్రీడలు అనే మాట కింద తీసేసి ఉంటుంది, విడిగా కట్టాలి.

ఏం బుక్ చేయాలి

నవంబరు మొదలు డిసెంబరు 15 దాకా, టోక్యోలో ఉంటూ ఒకట్రెండు రోజులకైతే కరుయిజావా. డిసెంబరు 5 తర్వాత నాలుగైదు రోజులూ, విమానం ఖర్చూ పెట్టుకోగలిగితే తొమాము. క్రిస్మస్ వారం, ఒక్క పగలు చాలనుకుంటే గాలా. నెలల పిల్ల ఉన్న ఇల్లయితే ఏ తేదీ అయినా కరుయిజావానే. రద్దు చేసుకోగలిగే గదే తీసుకోండి, రెండు వేల యెన్లు ఎక్కువైనా. వెళ్ళే ముందు మూడు రోజులూ కొండ లైవ్ కెమెరా చూడండి. పై లిఫ్టుది కాదు, కింద పిల్లల చోటు కనబడే కెమెరా ఏదో వెతికి అది చూడండి. అందులో గడ్డి కనబడితే ఫోన్ చేసి గది తేదీ మార్చుకోండి.

ఈసారి మా అత్తగారు నవంబరు ఆఖర్లో వస్తున్నారు. కరుయిజావాకి ఐదు టికెట్లు తీశాం, చిన్నదానికి ఒడి వయసు దాటిపోయింది. బూట్లు ఈమాటు ఆవిడకి సొంతవి కొన్నాం.